కృష్ణా రామా వయసులో కసరత్తు

మున్సిపల్ హైస్కూల్లో ఉద్యోగమంతా డ్రిల్లు చెప్పడంలోనే గడిపిన మాస్టారి పేరు మీద జరిగే స్మారకోపన్యాసంలో కండ గురించి మాట్లాడటంలో వింత లేదు. పిల్లల చేత బస్కీలు తీయించి, దండీలు కొట్టించిన మనిషి ఆయన. అయితే ఈ సాయంత్రం మాట్లాడబోయేది సభలో ముందు వరసల్లో కూర్చున్నవారి కండ గురించి. వాళ్లలో చాలామంది ఆయన దగ్గర బస్కీలు తీసినవాళ్లే. ఇప్పుడు అరవై దాటారు. మోకాలి చిప్ప మీద అరచెయ్యి ఆనించి, ‘అమ్మయ్య’ అంటూ లేస్తున్నారు.

ఆ ‘అమ్మయ్య’కు కారణం వయసేనని అందరూ అనుకుంటారు. వయసుకు వాటా ఉంది, కాదనలేం. ముప్ఫై దాటిన దగ్గర్నుంచీ పదేళ్లకు 3 నుంచి 8 శాతం దాకా కండ తరుగుతుందని, అరవై తర్వాత ఆ తరుగు ఇంకా వేగం అందుకుంటుందని వైద్యులు లెక్కగట్టారు. కండ తగ్గే వేగం కన్నా బలం తగ్గే వేగం ఎక్కువ. వెన్నుపాము నుంచి కండను ఆడించే నాడీకణాలు వయసుతో కొన్ని రాలిపోతాయి. వాటి కింద పనిచేసే కండ పోగుల్లో కొన్నిటిని పక్క నాడులు చేరదీస్తాయి, తక్కినవి శుష్కించిపోతాయి. ఎక్కువగా దెబ్బతినేవి చురుకు పోగులు. స్నానాల గదిలో కాలు జారినప్పుడు చటుక్కున రెండో కాలు ముందుకు వేయించి మనిషిని నిలబెట్టేవి అవే. ఈ తరుగుదలకు 1980ల చివర్లో ఇర్విన్ రోజెన్‌బర్గ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త సార్కోపీనియా అని పేరు పెట్టాడు. పేరు పెట్టాక కూడా అమెరికా జబ్బుల జాబితాలో దానికంటూ ఒక కోడ్ రావడానికి 2016 దాకా పట్టింది. అప్పటిదాకా అదంతా వయసు ఖాతాలోనే జమ.

ఆ ఖాతాలో రాసిందాంట్లో ఎంత నిజంగా వయసుది, ఎంత కండను వాడకపోవడం వల్ల వచ్చింది? ఈ లెక్క గట్టిగా తిరగబడింది బోస్టన్‌లో, హీబ్రూ రిహాబిలిటేషన్ సెంటర్ అనే వృద్ధుల సంరక్షణ కేంద్రంలో. మరియా ఫియాటరోన్ అనే వైద్యురాలు, ఆమె సహచరులు అక్కడ ఉంటున్న పదిమందిని ఎంచుకున్నారు. అందరూ 86 నుంచి 96 ఏళ్ల మధ్యవాళ్లు, సగటు వయసు తొంభై. ఒక్కొక్కరికి ఒకటికి నాలుగు దీర్ఘరోగాలు. వాళ్ల చేత ఎత్తించింది ఉత్తుత్తి బరువులు కాదు. కూర్చుని మోకాలు చాపుతూ కాలితో ఒక్కసారి మాత్రమే ఎత్తగలిగిన బరువు ఎంతో ముందు కొలిచారు. అందులో 80 శాతం బరువు పెట్టి ఎనిమిదేసి సార్లు, మూడు విడతలుగా, వారానికి మూడు రోజులు ఎత్తించారు. బలం పెరిగినకొద్దీ బరువూ పెంచారు. ఇలా ఎనిమిది వారాలు.

ఒకరు పాత హెర్నియా ఆపరేషన్ చోట పట్టేసినట్టు అనిపించి మధ్యలో మానేశారు. మిగిలిన తొమ్మిదిమందికి కాళ్ల బలం సగటున 174 శాతం పెరిగింది. అంటే మొదట పది కిలోలు ఎత్తిన కాలు చివరికి ఇరవై ఏడు కిలోలు ఎత్తింది. స్కాన్ తీస్తే తొడ కండ 9 శాతం పెరిగి కనిపించింది. ఇద్దరు చేతికర్ర పక్కన పెట్టేశారు. చేతుల సాయం లేకుండా కుర్చీలోంచి లేవలేని ముగ్గురిలో ఒకరు లేవగలిగారు. 1990లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. ఆ వ్యాసంలోనే చేదు మాట కూడా ఒకటుంది: సాధన ఆపిన నాలుగు వారాలకల్లా గరిష్ఠ బలంలోంచి 32 శాతం జారిపోయింది.

పదిమందితో చేసిన ప్రయోగం, పైగా పోల్చి చూడటానికి వేరే జట్టు లేదు. కాబట్టి అనుమానించేవాళ్లు అనుమానించారు. అదే బృందం 1994లో వందమందితో మళ్లీ చేసింది, ఈసారి న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో. వయసు 72 నుంచి 98. కొందరికి బరువుల సాధన, కొందరికి పోషకాహార పానీయం, కొందరికి రెండూ, కొందరికి ఏదీ లేదు. పది వారాల తర్వాత సాధన చేసినవాళ్లకు బలం 113 శాతం పెరిగింది, చేయనివాళ్లకు 3 శాతం. మెట్లెక్కే శక్తి 28 శాతం పెరిగింది. ఎవరూ చెప్పకుండానే వాళ్లు రోజులో అటూ ఇటూ తిరగడం కూడా ఎక్కువైంది. పానీయం ఒక్కటే తాగినవాళ్లకు ఏమీ ఒరగలేదు. టీవీల్లో డబ్బాల పొడి అమ్మేవాళ్లు ఈ చివరి వాక్యం ఎప్పుడూ చెప్పరు.

ముసలి కండ కూడా పెరుగుతుందన్న సంగతి అంత ఆలస్యంగా ఎందుకు బయటపడిందంటే, అంతకుముందు ముసలివాళ్ల చేత వ్యాయామం చేయించినవాళ్లు జాలిపడి తేలిక బరువులే ఇచ్చేవారు. తేలిక బరువుతో కండ పెరగలేదు. పెరగకపోయేసరికి ముసలి కండ పెరగదని తీర్మానించేశారు. 1988లో వాల్టర్ ఫ్రాంటెరా, విలియం ఎవాన్స్‌లు 60 నుంచి 72 ఏళ్ల వయసున్న పన్నెండుమంది మగవాళ్ల చేత 80 శాతం బరువుతో పన్నెండు వారాలు చేయించి ఆ తీర్మానాన్ని తిరగరాశారు. బోస్టన్ వృద్ధులకు దారి వేసింది ఆ ప్రయోగమే.

నిజానికి సూత్రం అంతకంటే పాతది. రెండో ప్రపంచయుద్ధం చివర్లో షికాగోలోని గార్డినర్ జనరల్ హాస్పిటల్ మోకాళ్లు దెబ్బతిన్న సైనికులతో కిక్కిరిసి ఉండేది. తేలికపాటి కదలికలు వందలసార్లు చేయించడం అప్పటి పద్ధతి, నెలలు పట్టేది. అక్కడ థామస్ డిలోర్మ్ అనే యువ సైనిక వైద్యుడు ఉండేవాడు. చిన్నప్పుడు రుమాటిక్ జ్వరంతో మంచం పట్టి, లేచాక బరువులెత్తి కోలుకున్నవాడు. తనకు పనిచేసింది వాళ్లకెందుకు పనిచేయదని, తక్కువసార్లు, ఎక్కువ బరువు, వారం వారం ఇంకాస్త పెంచుతూ చేయించాడు. 1945లో దాని గురించి రాశాడు. ఇవాళ ఫిజియోథెరపీ గదుల్లో చీలమండకు కట్టే ఇసుక సంచికి మూలం అక్కడే ఉంది. బరువు క్రమంగా పెరగాలన్న ఆయన నియమం గట్టిది. ఆరు నెలలుగా అదే అరకిలో డంబెల్ ఊపుతున్నవాళ్లు వ్యాయామం చేస్తున్నారనుకోవడం మర్యాద కోసమే.

బలం తెలుగువాళ్లకు కొత్త విషయం కాదు. ఒకప్పుడు ఊరూరా తాలింఖానా ఉండేది. ఉత్తరాంధ్ర పల్లెల్లో పండగలకు సంగిడి రాళ్లెత్తే పోటీలు పెట్టేవారు. వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు ఛాతీ మీద ఏనుగును ఎక్కించుకుని కలియుగ భీముడు అనిపించుకున్నాడు. కృష్ణా జిల్లా గండిగుంట నుంచి వచ్చిన దండమూడి రాజగోపాలరావు 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడల్లో వెయిట్‌లిఫ్టింగ్ కాంస్యం గెలిచాడు. 1963లో ‘నర్తనశాల’ సినిమాలో భీముడు ఆయనే, విజయవాడ ఇండోర్ స్టేడియానికి ఉన్న పేరు ఆయనదే. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో మొత్తం 240 కిలోలెత్తి, ఒలింపిక్ పతకం తెచ్చిన తొలి భారతీయ మహిళ అయింది.

ఇంత ఘనత ఉన్నచోట కూడా బలమంటే పడుచువాళ్ల సరుకుగానే మిగిలింది. పదిమంది చూస్తుండగా ఎత్తేది, చప్పట్లు కొట్టించుకునేది. డెబ్భై ఏళ్ల మనిషి బరువులెత్తుతానంటే ఇంట్లో మొదట నవ్వుతారు, ఆ తర్వాత కంగారుపడతారు. ‘ఈ వయసులో నీకెందుకమ్మా ఇవన్నీ, కృష్ణా రామా అనుకుంటూ కూర్చోక’ అనే మాట తెలుగిళ్లలో ప్రేమతోనే అంటారు. ఆ ప్రేమలోనే చిక్కుంది. నీళ్ల బిందె చేతిలోంచి లాక్కుంటారు. కూరల సంచి మోయనివ్వరు. మేడ మీది గది ఖాళీ చేయించి కిందికి మారుస్తారు. తండ్రి కుర్చీలోంచి లేవబోతే ‘మీరు కూర్చోండి నాన్నా, నేను తెస్తాను’ అని కొడుకు పరిగెత్తుతాడు. ఆ కాళ్లకు రోజు మొత్తంలో మిగిలిన కాస్త కసరత్తు అదే, దాన్నీ తీసేసి పుణ్యం కట్టుకుంటాడు. పెద్దలకు ఇచ్చే గౌరవమంతా కూర్చోబెట్టడంలోనే ఉందనుకున్న చోట వాళ్ల తొడలు సన్నబడకుండా ఎలా ఉంటాయి? అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లి ఆరు నెలలుండి వచ్చిన తల్లిదండ్రుల్లోనూ ఇది కనిపిస్తుంది. అక్కడ వాకిలి ఊడ్చే పని లేదు, కూరల బజారు నడక దూరంలో లేదు, కారు గుమ్మంలోకే వస్తుంది.

కూర్చోబెట్టడం ఇలా ఉంటే పడుకోబెట్టడం ఇంకా ఖరీదైనది. 2007లో అచ్చయిన ఒక ప్రయోగంలో సగటున 67 ఏళ్ల వయసున్న ఆరోగ్యవంతులను పది రోజులపాటు మంచం దిగనివ్వలేదు. జబ్బు లేదు, జ్వరం లేదు, తిండికి లోటు లేదు. పది రోజులకు కాళ్లలోంచే కిలోకి కొంచెం తక్కువగా కండ కరిగిపోయింది. మోకాళ్లు చాపే బలం 16 శాతం దాకా తగ్గింది. జబ్బు లేనివాళ్లకే అంత పోతే, డెంగీతోనో న్యుమోనియాతోనో ఆస్పత్రిలో పడుకున్నవాళ్లకు ఎంత పోతుందో ఊహించుకోవచ్చు. ‘నాన్న ఆస్పత్రికి నడిచి వెళ్లాడు, వచ్చాక మళ్లీ లేవలేదు’ అని చాలా ఇళ్లలో అంటుంటారు. జబ్బు నయమైంది నిజమే. మంచం చేసిన నష్టం మాత్రం డిశ్చార్జి కాగితంలో ఎక్కడా ఉండదు. అక్కడ ఉండేది ‘విశ్రాంతి తీసుకోవాలి’ అన్న ఒక్క వాక్యం.

‘మా నాన్న రోజూ వాకింగ్ చేస్తారండీ’ అని చాలామంది ధీమాగా చెబుతారు. మంచిదే. హైదరాబాద్ కేబీఆర్ పార్కులోనూ విశాఖ బీచ్ రోడ్డులోనూ పొద్దున్నే నడిచే పెద్దల గుండెకు, షుగరుకు, మనసుకు ఆ నడక మేలే చేస్తుంది. తొడ కండను పెంచడానికి మాత్రం చాలదు. చదునైన నేల మీద నడిచేటప్పుడు కాలు మోసే భారం దానికి అలవాటైన భారమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు 65 దాటినవారికి నడకలాంటి వ్యాయామం వారానికి 150 నిమిషాలకు తగ్గకూడదని చెబుతూ, దానికి అదనంగా కండల బలం పెంచే వ్యాయామం కనీసం రెండు రోజులు, నిలకడకూ బలానికీ కలిపి చేసేవి మూడు రోజులు ఉండాలన్నాయి. మొదటి సగం అందరికీ తెలిసింది. రెండో సగం వాకింగ్ క్లబ్బుల దాకా రాలేదు. మున్సిపాలిటీలు పార్కుల్లో పెట్టిన ఓపెన్ జిమ్ యంత్రాలూ ఈ లోటు తీర్చవు. వాటిలో చాలావాటికి బరువు పెంచే వీలే లేదు. కాళ్లు ఊపుకోవడానికి, కబుర్లు చెప్పుకోవడానికి బాగుంటాయి.

బరువంటే భయపడేవాళ్లలో ఎముకలు గుల్లబారిన ఆడవాళ్లది మొదటి స్థానం. డాక్టర్లు కూడా వాళ్లకు ‘వంగొద్దు, బరువెత్తొద్దు’ అనే చెబుతూ వచ్చారు. ఆస్ట్రేలియాలో గ్రిఫిత్ విశ్వవిద్యాలయానికి చెందిన బెలిండా బెక్ బృందం సరిగ్గా ఆ నిషేధం మీదే పరీక్ష పెట్టింది. ముట్లుడిగిపోయి ఎముక సాంద్రత తగ్గిన 101 మంది స్త్రీలను తీసుకుంది. అందులో ఒక జట్టు చేత వారానికి రెండుసార్లు, అరగంట చొప్పున, ఎనిమిది నెలలు బరువులు ఎత్తించింది. నేల మీంచి ఇనుప కడ్డీ ఎత్తే డెడ్‌లిఫ్ట్, భుజాల మీద కడ్డీతో బస్కీ, కడ్డీని తల మీదికి ఎత్తడం, పైనుంచి నేల మీదికి దూకడం. ఐదేసి సార్లు, ఐదు విడతలు, గరిష్ఠ బరువులో 80 శాతానికి పైనే. నడుం ఎముక సాంద్రత ఆ జట్టులో 2.9 శాతం పెరిగింది. ఇంట్లో తేలిక వ్యాయామం చేసిన జట్టులో 1.2 శాతం తగ్గింది. జరిగిన ప్రమాదమల్లా ఒకరికి నడుం కాస్త పట్టేయడం. ఇదంతా పక్కన శిక్షకులు నిలబడి, ఒంటి తీరు దిద్దుతూ, మొదటి నెల తేలిక బరువులతో అలవాటు చేసి చేయించింది. యూట్యూబ్ చూసి మర్నాడే కడ్డీ పట్టుకోమని దీనర్థం కాదు.

డెన్మార్క్ నుంచి 2024లో వచ్చిన ఫలితం ఇంకో కోణం చూపించింది. కోపెన్‌హాగెన్‌లో రిటైర్మెంట్ వయసుకు వచ్చిన 451 మందిని మూడు జట్లు చేశారు. ఒక జట్టుకు ఏడాదిపాటు వారానికి మూడు రోజులు జిమ్‌లో భారీ బరువులు, ఇంకో జట్టుకు ఒంటి బరువుతో, రబ్బరు బ్యాండ్లతో మోస్తరు వ్యాయామం, మూడో జట్టుకు ఏమీ లేదు. సాధన ఆగిపోయిన మూడేళ్ల తర్వాత కొలిస్తే, బరువులెత్తిన జట్టు కాళ్ల బలం మొదటి రోజున ఉన్నంతా ఉంది. మిగతా రెండు జట్లలో తగ్గింది. బోస్టన్ తొంభై ఏళ్లవాళ్లు నాలుగు వారాల్లో పోగొట్టుకున్నదాన్ని, ఈ అరవై ఆరేళ్లవాళ్లు మూడేళ్లు నిలుపుకున్నారు. తొంభైలో మొదలుపెట్టినా ఫలితం ఉంది. అరవైలో మొదలుపెడితే దాచుకోవడానికి చోటుంది.

పత్రికలు మాత్రం అద్భుతాలనే ఏరుకుంటాయి. ఛార్లెస్ యూగ్‌స్టర్ అనే దంతవైద్యుడు 87వ ఏట బాడీబిల్డింగ్ మొదలుపెట్టి, 2015లో 95 ఏళ్లు దాటినవారి విభాగంలో 200 మీటర్ల ఇండోర్ పరుగును 55.48 సెకన్లలో ముగించి ప్రపంచ రికార్డు పెట్టాడు. చండీగఢ్ మాన్ కౌర్ 93వ ఏట మైదానంలో దిగి, 2017లో ఆక్లాండ్‌లో నూరు మీటర్లు పరిగెత్తి పతకం తెచ్చుకుంది. చదివి ముచ్చటపడతారు. ముచ్చటపడి, ‘వాళ్లది వేరే మట్టి’ అని పేపరు మడిచేస్తారు. ఈ ఇద్దరి కంటే బోస్టన్‌లో చేతికర్ర పక్కన పెట్టిన ఆ ఇద్దరే ఎక్కువ మందికి పనికొస్తారు.

షుగరున్న ఇల్లు లేని తెలుగు వీధి ఇప్పుడు దాదాపు లేదు కాబట్టి అదీ చెప్పుకోవాలి. రక్తంలోని చక్కెరను ఎక్కువగా తీసుకుని ఖర్చుచేసేది కండే. 2002లో వచ్చిన ఒక అధ్యయనంలో షుగరు అదుపులో లేని 62 మంది పెద్దవాళ్లను తీసుకుని, సగం మంది చేత పదహారు వారాలు బరువులెత్తించారు. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 8.7 నుంచి 7.6కు దిగింది. ఎత్తినవాళ్లలో 72 శాతం మందికి మందుల మోతాదు తగ్గించగలిగారు.

పిడికిలి పట్టు సంగతి ఇంకా విచిత్రం. భారత్‌తో సహా 17 దేశాల్లో లక్షా నలభై వేలమంది పట్టును ఒక యంత్రంతో కొలిచి, తర్వాత వాళ్ల ఆరోగ్యాన్ని ఏళ్ల తరబడి గమనించారు. 2015లో లాన్సెట్ అచ్చువేసిన లెక్క ప్రకారం పట్టు ఐదు కిలోలు తగ్గినచోట మరణించే అవకాశం 16 శాతం ఎక్కువ. ఆసియా దేశాల వైద్యబృందం 2019లో పెట్టుకున్న గీత మగవాళ్లకు 28 కిలోలు, ఆడవాళ్లకు 18. అంతకు తగ్గితే కండ సంగతి చూసుకోవాలి. ఇది చదివి రబ్బరు బంతి నొక్కడం మొదలుపెట్టినవాళ్లూ ఉన్నారు. పిడికిలి ఒంటి మొత్తం బలానికి గుర్తు మాత్రమే. గుర్తును నొక్కితే ఒంటికి బలం రాదు.

తిండి. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పెద్దవాళ్లకు సిఫార్సు చేసిన ప్రొటీను ఒంటి బరువులో కిలోకు రోజుకు 0.83 గ్రాములు. వయసు మళ్లిన కండ ప్రొటీనుకు అంత సులువుగా స్పందించదు కాబట్టి, వృద్ధులకు కిలోకు గ్రాము నుంచి 1.2 గ్రాముల దాకా కావాలని ఐరోపా పోషకాహార నిపుణులు అంటున్నారు. అరవై కిలోల మనిషికి అరవై నుంచి డెబ్భై గ్రాములు. తెలుగు పెద్దల పళ్లెం చూస్తే ఇది ఎక్కడ తేలిపోతుందో తెలుస్తుంది. పళ్లు ఊడి మాంసం మానేస్తారు. శనివారం ఒంటిపూట. రాత్రికి ‘తేలిగ్గా’ రెండు ఇడ్లీలు, అందులో ప్రొటీను నాలుగైదు గ్రాములకు మించదు. అదే రాత్రి యాభై గ్రాముల పెసలు నానబోసి రుబ్బిన పెసరట్టు వేసుకుంటే పన్నెండు గ్రాములు. గ్లాసుడు పాలతో ఆరేడు, గుడ్డుతో ఆరు, గుప్పెడు వేరుశనగపప్పుతో ఏడెనిమిది. ఖర్చు పెద్దగా పెరగదు. మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లు మాత్రం డాక్టరును అడిగే పెంచుకోవాలి.

బరువు ఎంత ఉండాలన్నది లెక్కల పుస్తకం చూడకుండానే తెలుసుకోవచ్చు. ఎనిమిది నుంచి పన్నెండుసార్లు చేసేసరికి ఇంకొకటి రెండు తప్ప చేయలేననిపించే బరువే సరైన బరువు. ఇరవైసార్లు కబుర్లాడుతూ ఎత్తగలిగితే అది తేలిక. మొదలుపెట్టడానికి ఇల్లు దాటాల్సిన పని లేదు. చేతులు లేని కుర్చీని గోడకు ఆనించి పెట్టాలి. లేవడం కష్టమైతే దిండు వేసి ఎత్తు పెంచాలి. పాదాలు మోకాళ్ల కన్నా కాస్త వెనక్కి తీసి, చేతులు గుండెల మీద అడ్డంగా పెట్టుకుని, ముందుకు వాలి లేవాలి. కూర్చునేటప్పుడు దభీమని కూలబడకుండా, నాలుగు అంకెలు లెక్కపెట్టుకుంటూ దిగాలి. కండకు నిజమైన పని ఆ దిగడంలోనే పడుతుంది. అలా పదిసార్లు సులువయ్యాక దిండు తీసేయాలి. అదీ సులువయ్యాక రెండు కిలోల బియ్యం సంచిని గుండెలకు హత్తుకుని లేవాలి. తర్వాత ఐదు కిలోలు. వంటగట్టు పట్టుకుని మునివేళ్ల మీద లేవడం, గోడకు చేతులానించి దండీలు కొట్టడం, రెండు చేతులా సమానంగా నీళ్ల బాటిళ్ల సంచులు మోస్తూ వరండాలో నడవడం కలిపితే ఒక పూట సాధన అయిపోతుంది. మధ్యలో ఒకరోజు విరామం ఇవ్వాలి.

ఊపిరి బిగబట్టకూడదు. బిగబడితే బీపీ ఒక్కసారిగా ఎగబాకుతుంది. ఎత్తేటప్పుడు ఊపిరి వదలాలి. మర్నాడు తొడలు సలపడం మామూలే, రెండు రోజుల్లో తగ్గిపోతుంది. కీలులో పొడిచినట్టు నొప్పి వస్తే ఆ కదలిక ఆపి చూపించుకోవాలి. ఛాతీ నొప్పి వస్తున్నవాళ్లు, బీపీ 180/110 దగ్గర తిరుగుతున్నవాళ్లు, షుగరు వల్ల కంటి రక్తనాళాలు దెబ్బతిన్నవాళ్లు, ఈమధ్యే గుండెకో హెర్నియాకో కంటికో ఆపరేషన్ అయినవాళ్లు డాక్టరు సరేనన్నాకే మొదలుపెట్టాలి. మోకాళ్లు అరిగాయన్నది మాత్రం మానడానికి సాకు కాదు. తొడ ముందు కండ గట్టిపడితే అరిగిన మోకాలి నొప్పి తగ్గుతుంది.

ఇంతకీ ఎవరు ఏ స్థితిలో ఉన్నారో తెలిసేదెలా? కాలిఫోర్నియాలో రాబర్టా రిక్లీ, జెస్సీ జోన్స్ అనే ఇద్దరు 1990ల చివర్లో తయారుచేసిన పరీక్ష ఇప్పుడు లోకమంతా వాడుకలో ఉంది. పదిహేడు అంగుళాల ఎత్తు కుర్చీ, గుండెల మీద చేతులు, ముప్ఫై సెకన్లు. ఎన్నిసార్లు నిటారుగా లేచి కూర్చున్నారో లెక్క. అమెరికా ప్రభుత్వ పట్టిక ప్రకారం డెబ్భై రెండేళ్ల మగవాడు పన్నెండుకు, ఆడమనిషి పదికి తగ్గితే పడిపోయే ప్రమాదం ఎక్కువ ఉన్నట్టు. చేతులు ఆనించి లేస్తే సున్నా.

పడిపోవడం చిన్న మాట కాదు. ప్రపంచంలో ఏటా 6,84,000 మంది పడిపోవడం వల్ల చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క, అందులో అరవై దాటినవారే ఎక్కువ. తుంటి విరిగి మంచాన పడిన పెద్దావిడ ఉన్న ఇంటికి ఈ అంకె అర్థం విడమరచి చెప్పక్కర్లేదు. 2019లో 108 ప్రయోగాలను, 23 వేలకు పైగా మనుషులను కలిపి చూసిన కోక్రేన్ సమీక్షలో వ్యాయామం వల్ల పడిపోవడాలు 23 శాతం తగ్గాయి. నిలకడ సాధనకు బరువుల సాధన తోడైనచోట 34 శాతం.

దీన్ని ఊళ్లోకి తెచ్చేదెవరన్నది అసలు సమస్య. వృద్ధుల ఆరోగ్యం కోసం కేంద్రం 2010–11లో జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది. జిల్లా ఆస్పత్రుల్లో ఫిజియోథెరపీకి అందులో చోటుంది. జిల్లా ఆస్పత్రి దాకా బస్సెక్కి రాగలిగినవాళ్లకు దాని అవసరం కొంచెం తక్కువే, రాలేనివాళ్లకే ఎక్కువ. న్యూజీలాండ్‌లో ఒటాగో విశ్వవిద్యాలయం వాళ్లు దీనికి ఒక దారి వేశారు. చీలమండ బరువులు, నిలకడ సాధనలు కలిపి ఇంట్లోనే అరగంటలో ముగిసే పద్ధతి తయారుచేశారు. 2001లో అచ్చయిన ప్రయోగంలో దాన్ని నేర్పింది ఫిజియోథెరపిస్టు కూడా కాదు, మామూలుగా ఇళ్లు తిరిగే ఒక నర్సు. ఆమెకు ముందు శిక్షణ ఇచ్చారు. 75 దాటిన 240 మందిలో సగం మంది ఇళ్లకు ఆర్నెల్లలో ఐదుసార్లు వెళ్లి నేర్పింది. ఆ ఇళ్లలో పడిపోవడాలు 46 శాతం తగ్గాయి.

తెలుగు రాష్ట్రాల్లో ఏఎన్‌ఎంలు, ఆశా కార్యకర్తలు బీపీ, షుగరు పరీక్షల కోసం ఇప్పటికే ఇంటింటికీ తిరుగుతున్నారు. తెలంగాణలో పల్లె దవాఖానాలు, ఆంధ్రలో గ్రామ సచివాలయాల ఆరోగ్య సిబ్బంది ఉన్నారు. వాళ్ల నెత్తిన ఇప్పటికే ఉన్న రిజిస్టర్లు చాలవా అని అడిగేవాళ్ల మాటలో న్యాయముంది. ఒక పని తీసేసి ఈ పని ఇవ్వాలే తప్ప, దాని మీద ఇది పేర్చితే ఏదీ జరగదు. తీసేయగలిగితే మాత్రం, బీపీ కట్టు విప్పాక అదే పెద్దాయన్ని అదే కుర్చీలోంచి ముప్ఫై సెకన్లపాటు లేచి కూర్చోమనడానికి, ఆ అంకె బీపీ అంకె పక్కన రాయడానికి రెండు నిమిషాలు చాలు. వచ్చే నెల వెళ్లినప్పుడు పోల్చి చూసుకోవడానికి ఒక అంకె ఉంటుంది. తగ్గినవాళ్లకు ముందు ఏ సాధన నేర్పాలో, ఎవరిని జిల్లా ఆస్పత్రికి పంపాలో ఆ రిజిస్టరే చెబుతుంది.